విప్పని జడ

మొన్న నాకు శాలువా కప్పారు. మా నగరంలో ఏటా నెల రోజులపాటు జరిగే నాట్యోత్సవంలో ఒక సాయంత్రాన్ని మా కాలనీల వైపు ఆటలకిచ్చారు. ఎల్బీనగర్ చౌరస్తాకి కొంచెం ఇవతల, మెట్రో స్తంభాల పక్కన ఉన్న మైదానంలో వేదిక వేశారు. ఏదో కాలేజీ అమ్మాయిలు జడ కోలాటం ఆడారు. నైలాను తాళ్ళు, స్పీకర్లో పాట. జడ అల్లడం పూర్తికాగానే చప్పట్లు మోగాయి. అల్లినదాన్ని విప్పకుండానే తాళ్ళు వదిలేసి, వరసగా నిలబడి దండం పెట్టి వెళ్ళిపోయారు. సామాను మోసేవాళ్ళు స్తంభాన్ని పడుకోబెట్టి జడతో సహా ట్రాలీ ఆటోలో వేసుకుపోయారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. వ్యాఖ్యాత కాగితం చూసి చదివింది. ఉద్యమం రోజుల్లో మా కాలనీ ఆడబిడ్డల జడ కోలాటాన్ని వేరే ప్రాంతం మనిషి ఒకామె కావాలని చెడగొట్టిందట. పదహారేళ్ళ వయసులో నేను అందరి ముందూ ఆమెను వేలెత్తి చూపానట. ఆ ఆటను నేర్పిన మా మేనత్త పేరు మీద ఈ సత్కారమట.

తల వంచాను. శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. "అందరికీ నమస్కారం" అని తిరిగి ఇచ్చేశాను.

ఆ కథ అబద్ధం. ఆట చెడగొట్టింది నేను. మొన్న మైకులో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

*

అప్పుడు మా ఇల్లు కొత్తపేటలో, పండ్ల మార్కెట్‌కి రెండు సందుల వెనక ఉండేది. ఏ కాలమో తెలుసుకోవడానికి మాకు క్యాలెండర్ అక్కర్లేదు. ఎండాకాలమంతా మామిడి, వానలు వెనకబట్టాక బత్తాయి. లారీల కింద నలిగిన బత్తాయిల పులుపు, తడిసిన వరిగడ్డి, డీజిలు కలిసిన వాసన పరుపుల్లోకి కూడా ఎక్కేది. బడి నుంచి వస్తూ మార్కెట్ వెనక గేటు దగ్గర దొర్లిన కాయలు ఏరుకుని చొక్కాలో వేసుకొచ్చేవాళ్ళం. "దొంగకాయలు దొంగ కడుపుల్నే పోతయి" అంటూ మా అత్తే వాటిని కోసి ఉప్పు చల్లి ఇచ్చేది.

అత్త అంటే మా నాయన అక్క. పోచంపల్లి వైపు మగ్గాల ఊళ్ళో ఉండేది. భర్త పోయాక మా నాయన తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆయనకి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉండేది. అత్త వచ్చేటప్పుడు రెండు తెచ్చుకుంది: ఒక రేకు పెట్టె, అందులో పదహారు తాళ్ళు. మగ్గాల దగ్గర మిగిలిపోయిన రంగు నూలు పోగుచేసి, తొడ మీద పేని తానే చేసుకున్న తాళ్ళవి. ఒక్కొక్కటి ఒక్కో రంగు.

మా ఇంటి పైభాగంలో కృష్ణా జిల్లా వాళ్ళు కిరాయికుండేవారు. సారు ఏదో ఆఫీసులో పనిచేసేవారు. ఆంటీ మా సందు పిల్లలందరికీ లెక్కల ట్యూషన్ చెప్పేది. నాకూ ఆమే చెప్పింది. వాళ్ళకొక చిన్న పాప.

వినాయక చవితి నుంచి సద్దుల బతుకమ్మ దాకా నెల పైచిలుకు రోజుల్ని మా అత్త "ఆట దినాలు" అనేది. ముందు వినాయకుడి మండపం దగ్గర కోలాటం, తర్వాత పెళ్ళికాని పిల్లలు మట్టితో చేసి ఆడే బొడ్డెమ్మ, ఆ తర్వాత తొమ్మిది రోజుల బతుకమ్మ. రోజూ పొద్దుగూకేముందు కాలనీ ఆడవాళ్ళంతా కమ్యూనిటీ హాలు ముందరి జాగాలో చేరేవాళ్ళు. చివరి రోజు జడ కోలాటం. నిటారుగా పాతిన కర్ర మీద ఇనుప చక్రం, దానికి కట్టిన పదహారు తాళ్ళు, తాడుకొక మనిషి. సగం మంది కుడివైపు, సగం మంది ఎడమవైపు తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి దాటుతూ పోతుంటే పైన జడ పడుతుంది. అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది.

అల్లడం కంటే విప్పడం కష్టం. అయినా మా అత్తకి విప్పితేనే ఆట. "అల్లినోళ్లే ఇప్పాలె. ఇప్పకుండ బతుకమ్మను సాగనంపొద్దు" అనేది. ఎందుకని అడిగితే, "ముడి ఏసి మొకం తిప్పుకొని పోతె ఎట్లరా?" అనేది.

పైనుంచి చూస్తూ చూస్తూ ఆంటీ ఓ ఏడు కిందికి దిగింది. వారం తిరక్కుండా నోట్‌బుక్కులో పదహారు చుక్కలు పెట్టి, ఎవరు ఎక్కడ దాటాలో గీసి చూపించింది. మా అత్త ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి పడీపడీ నవ్వింది.

"యాభై ఏండ్ల సంది నేను కాళ్లతోటి జేసే లెక్క. నువ్వు కూసున్న జాగల జేసినవ్ గదా వదినా."

"మీరు గట్ల, గిట్ల అంటుంటే నాకేం అర్థమవుతుంది వదినగారూ? అందుకే గీసుకున్నాను."

అప్పట్నుంచి అడుగులు పిలిచే పని ఆంటీది. "పై... కింద... పై..." అని ఆమె గొంతు సందు చివరిదాకా వినిపించేది. అది మా అత్త ఇచ్చిన గౌరవం. పిలిచే మనిషి తప్పు చెబితే పదహారు మందీ తప్పుతారు.

వాళ్ళిద్దరి మధ్యా ఒక స్టీలు డబ్బా తిరుగుతుండేది. ఆంటీదే, మూత బిగుసుకుపోయి ఒక పట్టాన వచ్చేది కాదు. గోంగూర పచ్చడితో మెట్లు దిగితే సకినాలతో ఎక్కేది. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి పంపేవాళ్ళు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగొచ్చిందంటే ఇక మీకూ మాకూ చెల్లు అని అర్థం. ఆంటీ వాళ్ళ వైపూ అదే పద్ధతట. "ఈ ఒక్కదాంట్లో మీదీ మాదీ ఒకటే ఊరు వదినగారూ" అనేది ఆంటీ.

సద్దుల రోజు మా ఇంట్లో మలీద చేసేవాళ్ళు. జొన్నరొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు చేస్తారు. ఆంటీకి యాలకుల వాసన తగిలితే తలనొప్పి. అందుకని మా అత్త ముందు ఆమె వాటా తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే మిగతాదాంట్లో యాలకుల పొడి కలిపేది.

*

ఆ ఏడు పదహారో మనిషి తగ్గింది. ఎప్పుడూ ఆడే ఒకామె నెలలు నిండి పుట్టింటికి పోయింది.

"మీ తాత భజన కోలాటం ఆడినోడే. దా, తాడు వట్టు" అంది అత్త నాతో.

నేను ఇంటర్లో చేరిన ఏడు. మీసం మొలుస్తోంది. ఆడవాళ్ళ మధ్య తాడు పట్టుకు తిరగడమంటే చచ్చిపోవాలనిపించింది. కాదంటే అత్త ముఖం చిన్నబోతుంది. నాకు మెరూన్ రంగు తాడు వచ్చింది, నా జంటగా ఆకుపచ్చ తాడు ఆంటీది. నెల రోజులు ఆమె పిలుపు మీదే నేర్చుకున్నాను. నాకు ఆట బాగానే వచ్చింది. ఆ మాట దాచాల్సిన అవసరం ఇప్పుడు లేదు. పైన జడ సరిగ్గా పడుతుంటే అరచేతిలో తాడు బిగువు తెలిసేది. పదహారు మంది నడక నా చేతిలోకి వచ్చినట్టుండేది.

బయట సంగతి వేరు. ఉద్యమం ఊరంతా అంటుకుంది. బందులు, రోడ్ల మీద వంటావార్పు, మైదానాల్లో ధూంధాం పాటల సభలు. మా సందులో డిగ్రీ చదివే ఒకన్న ఉండేవాడు. గొంతెత్తి పాడితే ఒళ్ళు జలదరించేది. లాఠీ దెబ్బ తగిలిన భుజాన్ని చొక్కా విప్పి చూపించేవాడు. అతను నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలని అతని వెనకాల తిరిగేవాణ్ణి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ ఉద్యమం అబద్ధం కాదు. అతని భుజం మీద దెబ్బా అబద్ధం కాదు. నా మాటే అబద్ధం.

సద్దుల రోజు పొద్దున్నే సైకిళ్ళ మీద తుర్కయంజాల్ దాకా పోయి తంగేడు, గునుగు పూలు తెచ్చాం. కాలనీ అంతటికీ కలిపి నా భుజాల దాకా వచ్చే బతుకమ్మను పేర్చారు. దాని పక్కనే కర్ర పాతారు. పొద్దు వాలుతుండగా జడ అల్లాం. ఒక్క తప్పు లేదు. మా అత్త కళ్ళు మూసుకుని తాళ్ళ బిగువు వింటున్నట్టు నిలబడింది. "ఇగ ఇప్పుండ్రి" అంది.

వెనకడుగులు మొదలయ్యాయి. ఆంటీ పిలుస్తోంది. సగం విడింది. అప్పుడే గేటు దగ్గర బైకులు ఆగాయి, మెళ్ళో కండువాలతో పదిమంది. ముందు డిగ్రీ అన్న. నన్ను చూశాడు.

"ఏందిరో, చీర గూడ కట్టుకోకపోయినవా?"

అందరూ నవ్వారు. అంతే. దానికే నా చెయ్యి తెరుచుకుంది. తాడు జారింది.

బిగువు పోయేసరికి చక్రం గిర్రున తిరిగింది. నా వెనకామె ఎదురొస్తున్నామెను గుద్దుకుంది, ఆమె పోయి బతుకమ్మ మీద పడింది. పూలన్నీ చెదిరి నేల మీద పరుచుకున్నాయి. పైనున్న పసుపు గౌరమ్మ బురదలోకి దొర్లింది. అందరూ తాళ్ళు వదిలేశారు. ఒక ముసలామె అడిగింది, "ఎవలు తప్పిండ్రు? ఎవలది పాపం?"

అందరి కళ్ళూ మా జంట మీదికే వచ్చాయి. డిగ్రీ అన్న లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఆంటీ తప్పు పిలిచింది" అన్నాను. "కింద అనేదానికి పై అన్నది."

"కావాలనే అన్నదా?"

తల ఊపాను.

ఆ ఊపులో ఎంత బరువుందో నాకు తెలియదని రాసుకోవచ్చు. తెలుసు. ఆంటీ నా వైపు చూసింది. కోపంగా కాదు. ట్యూషన్లో లెక్క తప్పు చేస్తే, నేనే దిద్దుకుంటానని ఆగి చూసేది చూడండి, అలా చూసింది. నేను దిద్దుకోలేదు.

*

"ఆంధ్రామె బతుకమ్మను కూలగొట్టింది." తెల్లారేసరికి ఆ మాట సందులు దాటిపోయింది. ట్యూషన్‌కి ఒక్క పిల్ల రాలేదు. మెట్ల గోడ మీద బొగ్గుతో ఎవరో రాశారు. ఆ రాసింది ఇక్కడ తిరగరాయను. సారు రెండు రోజులు ఆఫీసుకి పోలేదు.

మా నాయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. పైకి పోయి, "మీ మంచికే చెప్తున్న సార్, జర వేరే ఇల్లు చూసుకోండ్రి" అని దిగొచ్చాడు. అత్త ఆయన దారికి అడ్డం నిలబడింది.

"ఆమె తప్పు పిలువలే. నేను ఇన్న."

"ఊకో అక్కా. ఊరంత ఒక్క మాట అంటుంటె మనమొక్కలం ఇంకో మాట అంటె దుకాణం ఉంచుతరా? నువ్వు పైకి పోతె నా మీద ఒట్టు."

తమ్ముడి ఇంట్లో, తమ్ముడి తిండి తినే మనిషి. ఆ ఒట్టు దాటలేకపోయింది. నన్ను వంటింట్లోకి పిలిచింది. చిక్కుపడిన జడను చక్రం నుంచి విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా దిక్కు జూడు. నీ చెయ్యి ఇడిసిందా?"

"లేదత్తమ్మా."

"సరే" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు పైన సామాను సర్దుతున్న చప్పుళ్ళు. నాయన దుకాణానికి పోగానే అత్త నాలుగు రొట్టెలు కాల్చింది. మలీద ముద్దలు చేసి ఆంటీ డబ్బాలో సర్ది, మూత బిగించి నా చేతికిచ్చింది.

"వదినకిచ్చి రా. ఏమన్న అంటె ఇని వచ్చి నాకు జెప్పు."

డబ్బా పట్టుకుని మెట్లెక్కాను. వాళ్ళ గుమ్మం దాటి డాబా మీదికి పోయాను. ఆంటీ కళ్ళలోకి చూడలేననుకున్నాను, నిజమే. అంతకంటే పెద్ద నిజం ఇంకొకటుంది. వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట దొర్లిందంటే నా సంగతి బయటపడుతుంది. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ముద్దలన్నీ తిన్నాను. యాలకుల వాసన లేదని తింటున్నప్పుడే తెలిసింది. దిగుతూ ఖాళీ డబ్బాను వాళ్ళ గడప మీద పెట్టి కిందికొచ్చేశాను.

"ఏమన్నది?"

"ఏమనలే."

"తీస్కున్నదా?"

"తీస్కున్నది."

అత్త గడపలో కూర్చుని మెట్ల వైపే చూసింది. సాయంత్రం లారీ వచ్చింది. సామాను ఎక్కించారు. ఆంటీ పాప చెయ్యి పట్టుకుని దిగి, మా తలుపు వైపు తిరగకుండా పోయింది. ఆమె తిరిగితే చూద్దామని అత్త, అత్త పిలిస్తే తిరుగుదామని ఆమె. ఈ సంగతి నాకు ఈమధ్యే అర్థమైంది.

ఆ మరుసటేడు చవితి వచ్చింది, బతుకమ్మ వచ్చింది. మా అత్త తాళ్ళు తీయలేదు. ఎవరు పిలిచినా మోకాళ్ళు నొప్పులనేది. నేను మాత్రం కాలేజీలో ఆ కథ చెప్పుకున్నాను. చెప్పిన ప్రతిసారీ నా పాత్ర కొంచెం పెరిగింది. రాష్ట్రం వచ్చింది. మార్కెట్ వెళ్ళిపోయింది, ఆ వాసనా పోయింది. తంగేడు కోసిన చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. కథ మాత్రం నిలిచి ఉండి, మొన్న శాలువాగా తిరిగొచ్చింది.

*

అత్త పోయి ఆరేళ్ళు. శాలువా తెచ్చుకున్న మర్నాడు దాన్ని పెడదామని ఆమె రేకు పెట్టె తెరిచాను. అడుగున పాత చీరలో చుట్టి ఆ జడ ఉంది. సగం అల్లి, సగం విడి, చిక్కుపడినది చిక్కుపడినట్టే. ఒకచోట మెరూన్ పోగు చుట్టూ తెల్ల దారం ముడి వేసి ఉంది. బట్టలో ఎక్కడ పోగు తప్పిందో అక్కడ దారం కట్టి గుర్తు పెట్టడం అత్త వాళ్ళ ఊళ్ళో మగ్గాల దగ్గర అలవాటు.

ఆమెకి తెలుసు. నేను వంటింట్లో "లేదత్తమ్మా" అన్నప్పుడే తెలుసు. అల్లినవాడే విప్పాలని అన్నేళ్ళు ఆగింది.

ఆంటీ ఎక్కడుందో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. అంత దగ్గర. వనస్థలిపురంలో కూతురి దగ్గర ఉంటోంది. పొద్దున పదింటికి జడను సంచిలో పెట్టుకుని వెళ్ళాను. తలుపు తీసి కాసేపు చూసి గుర్తుపట్టింది.

"మీసాలొచ్చాయే" అంది. లోపలికి రమ్మంది.

నేను చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ చెయ్యి వదలడం నేను చూశాను బాబూ. పక్క తాడే కదా నాది. నువ్వు పిల్లాడివి, భయపడ్డావు. మూడు రోజులు చూశాను పైకి వస్తావేమోనని. తర్వాత మానేశాను."

జడను ఆమె ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో తడుముకుంటూ పోయి తెల్ల దారం దగ్గర ఆగింది. దాని అర్థం చెప్పాను.

"అయితే వదినగారికి తెలుసన్నమాట."

"తెలుసు ఆంటీ."

వంటింట్లో కుక్కర్ కూతలు వేసింది. వినిపించనట్టే కూర్చుంది.

"ఇన్నాళ్ళూ తెలీదనుకున్నాను. అందరిలాగే నమ్మిందేమోలే, ఆవిడ తప్పేముందని సర్దుకున్నాను. తెలిసీ డబ్బా ఖాళీగా పంపిందా?"

డబ్బా సంగతి చెబుదామని నేను వెళ్ళలేదు. అదొక పిల్లచేష్ట అనుకుని ఎక్కడో పడేశాను. ఆమె ముఖం చూశాకే నేను ఆ రోజు ఏం తిన్నానో తెలిసింది. మొత్తం చెప్పాను. రొట్టెలు, ట్యాంకు నీడ, గడప, అత్త అడిగింది, నేను చెప్పింది.

ఆమె తిట్టలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళోని జడ మీద పెట్టింది.

"యాలకులు వేసిందా?"

"లేదు ఆంటీ."

తల ఊపింది. ఊపుతూనే ఉంది.

"విప్పుదామా ఆంటీ? మీకు లెక్క గుర్తుంటుంది కదా" అన్నాను.

"ఇద్దరు విప్పేది కాదు బాబూ అది. పదహారు మంది కావాలి. ఆవిడ కావాలి" అంది. జడను మడతపెట్టి నా సంచిలో పెట్టి, తలుపు దాకా వచ్చింది. మళ్ళీ రమ్మనలేదు.

ఉత్సవం వాళ్ళకి ఫోన్ చేసి కథ తప్పని చెప్పాను. ఉత్సవం మీద వేసే పుస్తకంలో ఆ కథ అచ్చయిపోయిందన్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. జడ మళ్ళీ రేకు పెట్టెలోనే ఉంది, తెల్ల దారంతో సహా. మా అత్త పోయేముందు దవాఖానలో ఒక మాట అంది. అప్పుడు మందుల మత్తులో ఏదో అంటోందనుకున్నాను.

"వదిన డబ్బా తీస్కున్నది గని, ఒక్క మాట అనలే రా."